తిర్సా తండ్రి కోటు

"ఇచ్చింది ఎవరో తెలియకుండా ఇవ్వడమే గొప్ప దానం" అని పెనీనా టీచరు ఆ శుక్రవారం బాలబడి పిల్లలకు పాఠం చెప్పింది.

జెరూసలేంలో చలి ఎముకలు కొరుకుతోంది. అయిదేళ్ల తిర్సాను తీసుకెళ్లడానికి వచ్చిన తండ్రి, కొత్త ఉన్నికోటు మేకుకు తగిలించి, టీచరుతో మాటల్లో పడ్డాడు. తిర్సా చప్పుడు చేయకుండా ఆ కోటు తీసుకెళ్లి, గేటు పక్క బెంచీమీద నిద్రపోతున్న ముసలాయనకు కప్పి వచ్చింది.

"నా కోటు ఎవడు ఎత్తుకుపోయాడు?" అంటూ తండ్రి గేటు దాకా వచ్చాడు. ఆ సాయంత్రం మొదలయ్యే సబ్బాతు విశ్రాంతిదినానికి రొట్టెలు కొనుక్కుని నిలబడ్డ తల్లులు ఆయన్ని చుట్టుముట్టారు.

"ఆ తాత మీదున్నది మీ కోటే కదండీ. ఎంత మంచి మనసు మీది."

ఆయన గొంతు సవరించుకుని, "ఏదో, నాకు చేతనైంది" అన్నాడు. తిర్సా ఆయన వేలు పట్టుకుని ఇంటిదారి పట్టింది.

మరుసటి శుక్రవారం మిగతా తండ్రులు పోటీలు పడి కోట్లు తెచ్చారు. ముసలాయన పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. బెంచీమీద తొమ్మిది కోట్లు పోగుపడ్డాయి.

పెనీనా మురిసిపోయి, "మా పిల్లల పాఠం ఎలా ఉంది తాతా?" అని అడిగింది.

"బాగుంది తల్లీ, చలి పోయింది. వచ్చేవారం ఆకలి గురించి చెప్పు."