అతుకు పక్కన చిల్లు

“ఇక మీరు రానక్కర్లేదు” అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు, కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే. గొంతులో కేన్సరు గడ్డ తీసి ఐదేళ్ళు దాటింది, అంతా శుభ్రంగా ఉంది, హాయిగా ఇంటికెళ్ళమన్నాడు.

పంచర్ల బాబాయి ఇంటికొచ్చి మంచమెక్కాడు.

“చేతులెత్తేశారే” అన్నాడు పిన్నితో. “ఇంటికెళ్ళమన్నారంటే అర్థమేంటో నాకు తెలీదా?”

ముప్ఫై ఏళ్ళుగా ట్యూబులు నీళ్ళతొట్టిలో ముంచి బుడగలు చూస్తున్న మనిషి. అతుకేసిన ట్యూబు సరిగ్గా అతుకు పక్కనే చిల్లు పడుతుందని చదువుకున్నవాళ్ళెవరూ ఆయనకు నేర్పక్కర్లేదు. షాపు మూశాడు. తిండి మానేశాడు. పొద్దున్నే అద్దం ముందు టార్చి పట్టుకుని గొంతు తడుముకునేవాడు.

“ఇదిగో, ఇక్కడ ఉబ్బింది చూడు.”

“అది మగాళ్ళందరికీ ఉంటుంది. మన పెళ్ళి ఫొటోలో కూడా ఉంది, చూసుకోండి” అనేది పిన్ని.

ధైర్యం చెప్పడానికొచ్చిన బావమరిది, పోయేవాళ్ళయితే ఈపాటికే పోయేవాళ్ళు బావా అన్నాడు. దాంతో ఉన్న కాస్త నిద్రా పోయింది.

నెల తిరిగేసరికి మనిషి సగమయ్యాడు. రోగం చెయ్యలేని పని భయం చేసేలా ఉంది. అప్పుడు పిన్ని ఎక్కడెక్కడో వాకబు చేసి ఇంకో డాక్టర్ని పట్టుకుంది. ఉద్యోగం దిగిపోయి ఇంట్లోనే చూస్తున్న పెద్దాయన. మిషన్లూ గిషన్లూ లేవు, చెయ్యి వేసి చెప్పేస్తాడు.

ఇది మూడేళ్ళ కిందటి మాట. అప్పట్నుంచి ఆరు నెలలకోసారి అక్కడికే.

ఈ రోజూ పిన్ని మలుపులోనే దిగిపోయింది. స్కూటరు నీడన పెట్టి రమ్మని చెప్పి తను ముందు నడిచింది. బాబాయి వచ్చేసరికి గేటు పక్కన ఎప్పటిలాగే ఉత్త బోర్డు వేలాడుతోంది. ఒక్క అక్షరం లేదు. ఆ బోర్డంటే బాబాయికి మహా గౌరవం. చేతిలో పనితనం లేనివాళ్ళే పేరు వెనక బారెడు డిగ్రీలు రాసుకుంటారు.

పెద్దాయన బాబాయిని ఏమీ అడగడు. అడిగేదంతా పిన్నినే. బాగా తింటున్నాడా, పడుకుంటున్నాడా, చురుగ్గా ఉంటున్నాడా అని. తర్వాత బొటనవేలితో బాబాయి పెదవి పైకెత్తి చిగుళ్ళు చూశాడు. కనురెప్ప కిందికి లాగి చూశాడు. రెండు చేతులూ గొంతు కిందికి పోనిచ్చి నెమ్మదిగా నొక్కాడు.

బాబాయి బిగుసుకుపోయాడు.

పెద్దాయన నాలుకతో చప్పుడు చేస్తూ, అయిపోయింది, కదలకు అన్నాడు. పెరట్లో అటోసారి ఇటోసారి నడిపించాడు. చివరికి వీపు మీద అరచేత్తో రెండు చరుపులు చరిచాడు.

“గట్టిగా ఉన్నాడమ్మా. ఏం భయం లేదు. పనికి పంపించు.”

ఆ రెండు చరుపుల మీదే బాబాయి ఆరు నెలలు బతుకుతాడు. గుండెల నిండా గాలి పీల్చి చూసుకున్నాడు. ఎక్కడా లీకు లేదు.

“డాక్టరంటే ఈయనే. మనిషిని మనిషిలా చూస్తాడు” అంటూ షాపు తెరవడానికి గబగబా స్కూటరు దగ్గరికి నడిచాడు.

చెప్పులు వేసుకునే వంకతో వెనకబడ్డ పిన్ని, వచ్చేటప్పుడు తను గోడవైపు తిప్పిన బోర్డును మళ్ళీ వీధివైపు తిప్పింది: ‘ఇక్కడ గేదెలకు, మేకలకు, కుక్కలకు మాత్రమే వైద్యం చేయబడును.’