వరండా కటకటాలు

“ఈ కటకటాలు అచ్చం పాతవాటిలాగే చేయించాలి డాక్టర్. మా వడ్రంగికి వచ్చే ఏడాది గానీ తీరిక లేదు,” అంది మార్గరెట్ ఇంగ్లీషులో, శ్రీకర్ వాళ్ల ఇంటి వరండాలో నిలబడి. జార్జియాలోని ఆ చిన్న ఊళ్లో పాత ఇళ్లను కాపాడే కమిటీకి ఆవిడే పెద్ద. ఆవిడ ఊఁ అనకుండా ఆ వీధిలో ఎవరూ మేకు కూడా కొట్టరు.

హైమ భర్త ముఖంలోకి చూసింది. అతని హాస్పిటల్ కాంట్రాక్ట్ మేలో ముగుస్తుంది. జూన్‌లో తను టెక్సస్‌లోని ప్లేనోలో ఉద్యోగంలో చేరాలి. ఆ సంగతి ఇప్పుడు చెబుతాడనుకుంది.

“పర్లేదండీ, ఆగుతాం. మాకేం తొందర?” అన్నాడు శ్రీకర్.

“అదేంటి శ్రీకర్? జూన్‌లో మనం మూవ్ అవుతున్నాం కదా?” హైమ తెలుగులో అడిగింది.

అతను ఆమె వైపు తిరగలేదు.

“ఏమంటోంది?” మార్గరెట్ నవ్వింది.

“ఏ రంగు వేయిస్తారని,” అన్నాడు శ్రీకర్ ఇంగ్లీషులో.

“తెలుపే తల్లీ. ఇంకో రంగు ఒప్పుకోం,” అంటూ ఆవిడ హైమ చెయ్యి నిమిరింది.

కాంట్రాక్ట్ పొడిగించేసుకున్నాడని హైమకు అర్థమైంది. తనకు ఇంగ్లీషు వచ్చని అతనికి తెలుసు. పరాయివాళ్ల ముందు తను నోరెత్తదనీ తెలుసు. ఆ ధీమాతోనే ఎదురుగా అబద్ధమాడాడు.

హైమ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“నేను రంగు గురించి అడగలేదండీ,” అంది ఇంగ్లీషులో. “ఈ ఊరి నుంచి ఎప్పుడు వెళ్తున్నామని అడిగాను.”

మార్గరెట్ నవ్వు ఆగిపోయింది.

“లోపల మాట్లాడుకుందాం హైమా,” అన్నాడు శ్రీకర్ తెలుగులో, గొంతు తగ్గించి.

“ఇక్కడే చెప్పు,” అంది హైమ, ఇంగ్లీషులోనే.