ఒడ్డు మారిన పాలు

వాన వెలిసింది గానీ, వంతెన మాత్రం మిగల్లేదు.

డెయిరీ మేనేజరమ్మ గుండెల్లో రాయి పడింది. పాలు తెచ్చే ట్యాంకర్లన్నీ ఏటికి అవతలే ఉండిపోయాయి. కొండ చుట్టూ తిరిగొచ్చేసరికి సాయంత్రమవుతుంది. అప్పటిదాకా పాలు ఆగవు, విరిగి ఊరుకుంటాయి. ఉద్యోగంలో చేరాక ఆమెకిదే మొదటి గండం.

సరిగ్గా అప్పుడే, మోకాళ్ళదాకా బురదతో ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, మాది అవతలి ఒడ్డు డెయిరీ. నేనూ, మా పాలబళ్ళూ ఇవతలే ఇరుక్కుపోయాం."

డ్రైవరు కాబోలనుకుంది.

"ఆ డెయిరీనా? మా రైతుల్ని ఒక్కొక్కళ్ళనే లాక్కుపోయాడు మీ మేనేజరు. పాలదొంగ."

ఆ మేనేజరు ముఖం ఆమె చూసిన పాపాన పోలేదు. తిట్టడానికి ముఖంతో పనేముంది?

ఆయన తల గోక్కున్నాడు.

"ఆయన్ని తర్వాత తీరిగ్గా తిట్టుకుందురుగాని. ముందు మా పాలు మీరు దించుకోండి. మీ పాలు అక్కడ మావాళ్ళు దించుకుంటారు."

ఇంత తేలికైన దారి తనకెందుకు తట్టలేదో అనుకుంది మేనేజరమ్మ.

"దానికి ఆ మొండిఘటం ఒప్పుకోవద్దూ?"

"నేను మాట్లాడతాగా."

బయటికెళ్ళి ఫోన్ చేసి, ఇట్టే తిరిగొచ్చాడు.

"మీ బళ్ళు పంపెయ్యమన్నారమ్మా."

ఇక చూడాలి సందడి. శాంపిళ్ళు తీసేవాళ్ళు తీస్తున్నారు, పైపులు తగిలించేవాళ్ళు తగిలిస్తున్నారు. ఆయనా ఓ చెయ్యేశాడు.

"పెద్దాయనా, పైపు కాస్త గట్టిగా పట్టుకోండి" అని కేకేసింది మేనేజరమ్మ.

"పట్టుకున్నానమ్మా."

పని కాస్త తెరిపిచ్చాక ఆమే టీ తెచ్చిచ్చింది.

"మీ మహానుభావుడు ఎప్పుడైనా మీకు టీ ఇప్పించాడా?"

"నేను తాగనిదే ఆయన గుక్కైనా ముట్టడమ్మా" అని ఊదుకుంటూ తాగాడు.

బళ్ళు ఖాళీ కాగానే, వాటితోపాటే కొండ చుట్టుదారిన బయల్దేరాడు. వెనకాలే అవతలి ఒడ్డు నుంచి కబురొచ్చింది. అక్కడ దించిన మేనేజరమ్మ వాళ్ళ పాలూ క్షేమం, ఒక్క చుక్క విరగలేదు.

డెయిరీ అంతా ఈలలు, చప్పట్లు. మేనేజరమ్మకైతే ఏనుగెక్కినంత సంబరం. ఆ ఊపులోనే అవతలి డెయిరీకి ఫోన్ కలిపింది.

"మీ మేనేజరు గారికివ్వండి. ఆయన్ని నానా మాటలూ అన్నాను. థాంక్స్ చెప్పుకోవాలి."

అవతల ఫోనెత్తిన గుమస్తా తెల్లబోయాడు.

"ఆయనింకా రాలేదండీ. మీ పాలు దించుకోమని పొద్దున మీ దగ్గర్నుంచే కదా మాకు ఫోన్ చేశారు?"