జరిగి చోటిచ్చిన గడి

“ఈ గడి పెరగడానికి వీల్లేదమ్మా,” అన్నాడు మేనేజర్, ట్యాబ్ మీద వేలు పెట్టి. “ఒక్క లైను. అంతే.”

ఫారాలు తయారుచేసే అమ్మాయి గతుక్కుమంది. మూడు వారాలుగా ఆమె కుస్తీ పడుతున్నది ఆ ఒక్క గడితోనే. క్రేన్ ఆపరేటర్లు రోజూ పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు నింపే తనిఖీ కాగితాన్ని ట్యాబ్‌లోకి తేవాలి. పేరు, తేదీ, క్రేన్ నంబరు ఇట్టే కుదిరిపోయాయి. ‘గమనించిన విషయాలు’ అనే గడి దగ్గరే చిక్కొచ్చింది. ఎంత రాస్తే అంత కిందికి సాగాలి అది. మొదట్లో సాగి సాగి సంతకం గడి మీద పడింది. సరిచేస్తే సంతకమే మాయమైంది. నిన్న సాయంత్రానికి గానీ కిందివన్నీ బుద్ధిగా జరగడం నేర్చుకోలేదు.

“చోటు చాలకపోతే మిగతాది ఎక్కడ రాస్తారు సార్?”

“ఇన్నాళ్లూ ఎక్కడ రాశారు? కాగితం అంచుల్లో గీకేవారు. రిజిస్టర్లోకి మాత్రం గడిలో ఉన్నదే ఎక్కేది. కొంపలేం మునిగాయి?” మేనేజర్ గడియారం చూసుకున్నాడు. “మా వాళ్లు ‘బాగుంది’ అని ఒక్క ముక్క గీకి టీకి పోయే రకం. పన్నెండింటికి ఫారం అన్ని సెక్షన్లకీ పంపెయ్యాలి. ఒక్క పేజీ దాటకూడదు.”

పదకొండున్నర అయింది. కిటికీ అవతల ఓడల పక్కన మూడు క్రేన్లు మెడలు తిప్పుతున్నాయి. వాటి వరస చివర, ఇంకో క్రేన్ పట్టేంత సిమెంటు దిమ్మె ఒకటి ఎండలో ఖాళీగా ఉంది.

టీ గ్లాసుల ట్రేతో పిన్నిగారు లోపలికొచ్చింది. ఆ ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ పిన్నిగారే.

“పంపే ముందు ఒక్కసారి ఎవరిచేతైనా నింపించి చూడండి సార్,” అంది అమ్మాయి. “పోనీ, పిన్నిగారి చేత.”

మేనేజర్ పకపకా నవ్వాడు. “బాగుంది! నాలుగేళ్ల కిందటి వరకూ వేలిముద్ర వేసేవారట ఆవిడ.”

“ఇప్పుడు వేస్తున్నానా బాబూ?” అంది పిన్నిగారు, గ్లాసు కాస్త గట్టిగా బల్ల మీద పెట్టి.

“అది కాదు పిన్నిగారూ,” అన్నాడు మేనేజర్. “ఈ వయసులో అక్షరాలు నేర్చుకోవాలని ఎందుకనిపించింది?”

“ఒక కాగితం ఉంది. ఎవరికిచ్చినా గడిలో ఉన్నంత చదివి ఇచ్చేసేవారు. చుట్టూ ఉన్నది గజిబిజిగా ఉంది, అర్థం కావట్లేదనేవారు. ఇలా కాదని నేనే నేర్చుకున్నాను.”

“ప్రేమలేఖా ఏంటి?”

“అలాంటిదే అనుకో.”

అమ్మాయి నవ్వు ఆపుకుంటూ కుర్చీ జరిపింది. “కూర్చోండి. ముందు సార్ అడిగిన ఒక్క లైను గడి. మీ ఇష్టం, ఏదైనా రాయండి.”

“ఏ కాగితమూ చూడకుండా నేను రాయగలిగింది ఒక్కటే ఉందమ్మాయ్.”

పిన్నిగారు చెయ్యి కొంగుకి తుడుచుకుంది. చూపుడువేలుతో ఒక్కో అక్షరం వెతికి వెతికి నొక్కింది. కాసేపటికి ఆగిపోయింది.

“ఇంక పట్టడం లేదు. గోడ తగిలినట్టుంది.”

మేనేజర్ వంగి చదివాడు. “నాలుగో క్రేన్ తాడు పైకి చూస్తే బాగానే ఉంది. చూశావా అమ్మా! బాగానే ఉందట. ఇంకేం కావాలి?”

“ఆవిడ ఇంకా ముగించలేదు సార్,” అంటూ అమ్మాయి తను చేసిన గడిని తెరిచి, ఆ లైను అందులో పెట్టింది. “ఇప్పుడు రాయండి.”

పిన్నిగారు రాసింది. లైను నిండింది. తరవాతి అక్షరం పడగానే గడి కిందికి కదిలింది.

ఆవిడ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. “అయ్యో, విరిగిందా?”

“లేదు పిన్నిగారూ. మీకు చోటిస్తోంది.”

“నాకా?”

ఇంకో అక్షరం నొక్కింది. ఇంకోటి. బెంచీ మీద ఇరుగ్గా కూర్చున్నవాళ్లు కొత్తగా వచ్చిన మనిషి కోసం జరిగినట్టు, సంతకం గడీ తేదీ గడీ కిందికి జరిగాయి. రెండో లైను, మూడో లైను, నాలుగు. పిన్నిగారి కళ్లు పెద్దవయ్యాయి. దేన్నో నిద్ర లేపుతానేమో అన్నంత మెల్లగా నొక్కుతోంది.

“ఎంత రాసినా ఇస్తుందా?”

“ఎంత రాసినా.”

“ఇంత మనసు దీనికెక్కడిదే తల్లీ!”

ఆవిడ చివరి చుక్క పెట్టేసరికి మేనేజర్ టీ చల్లారింది. అతను పైకి చదవడం మొదలుపెట్టి, మధ్యలోనే గొంతు తగ్గించాడు.

“నాలుగో క్రేన్ తాడు పైకి చూస్తే బాగానే ఉంది. కానీ లోపలి ఉక్కు పోగులు తెగుతున్నాయి. పట్టుకుంటే చేతికి గుచ్చుకున్నాయి. బరువెత్తేటప్పుడు టిక్కుటిక్కుమని చప్పుడు వస్తోంది. కొత్త తాడు వేసేదాకా దీన్ని నడపొద్దు. కింద మనుషుల్ని నిలబడనివ్వొద్దు.”

కిటికీ అవతల ఏదో క్రేన్ గంట మోగింది. అతను మొదటి లైను మళ్లీ చదివాడు. తరవాత కింది లైన్ల మీద అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. చెయ్యి తీసేసి ఇంకోసారి చూశాడు.

“ఉండనీ అమ్మా,” అన్నాడు చివరికి. “ఎన్ని పేజీలైనా సాగనీ. ఇలాగే పంపు.”

అమ్మాయి గబగబా బటన్ నొక్కింది. పన్నెండింటికి ఇంకా మూడు నిమిషాలున్నాయి.

పిన్నిగారు లేచి, ఖాళీ గ్లాసులు ట్రేలో సర్దుకుంది. తలుపు దాకా వెళ్లి, ట్యాబ్ వైపు మరోసారి చూసుకుంది.

“భలే రాశారు పిన్నిగారూ, అచ్చం ఆపరేటర్ రాసినట్టే!” అన్నాడు మేనేజర్, తేలికపడి నవ్వుతూ. “ఒక్కటే పొరపాటు. నేను వచ్చి రెండేళ్లయింది, మనకున్నవి మూడు క్రేన్లే. నాలుగోది ఎక్కడుంది?”

పిన్నిగారు కిటికీలోంచి ఖాళీ దిమ్మె వైపు చూసింది.

“మా ఆయన ఆ కాగితం రాసిచ్చిన రోజు మధ్యాహ్నం దాకా ఉంది బాబూ, ఆయనా ఉన్నారు.”