బెంచీ మీది దళారి

"ఏం రాసిన్రు బిడ్డా?"

గోదావరిఖనిలో ఒక స్కాన్ సెంటర్ బయట బెంచీ మీద కూర్చున్న ముసలాయన అడిగాడు.

చేతిలో ఉన్నది కడుపునొప్పికి తీయించుకున్న స్కాన్ రిపోర్టే కదా, దాచేదేముందని చెప్పేశాడు వీరేందర్.

"లివర్ల కొవ్వున్నదట కాకా. నేను చుక్క ముట్ట. నాకేం ఫికర్?"

"తాగనోళ్లకు గూడ వస్తది బిడ్డా. గట్లున్నోళ్లకు గుండెకు గూడ ముప్పే. ఒక్కసారి గుండె డాక్టర్‌కు చూపిచ్చుకో. నేను తోలుకపోత, ఇయ్యాల్నే పోదాం పా."

తోలుకపోతాడట! వీరేందర్‌కు ఒళ్లు మండింది.

వీరేందర్ లాంటి గని కార్మికులకు ఈ బాపతు మనుషులు కొత్త కాదు. పనికి అన్‌ఫిట్ అని డాక్టర్లతో రాయించుకుంటే ఉద్యోగం కొడుక్కి వస్తుందని ఆశపెట్టి, ఆస్పత్రుల చుట్టూ తిప్పే దళారులు. వాళ్లతో కనబడితే చాలు, ఉన్న పేరు కాస్తా పోతుంది.

"ఎంతమందిని అన్‌ఫిట్ చేయించినవ్ ఇప్పటిదాక? సిగ్గులేదా ఈ వయసుల?"

వీధంతా వినబడేలా అరిచాడు. జనం పోగయ్యారు.

ముసలాయన బెంచీ మీంచి లేచాడు.

"గుండె మాత్రం చూపిచ్చుకో బిడ్డా," అని తలవంచుకుని వెళ్లిపోయాడు.

మూడు నెలల తరువాత, షిఫ్టు దిగి గని లాంప్‌రూమ్‌లో టోపీ లైటు అప్పగిస్తూ వీరేందర్ కుప్పకూలాడు. ప్రాణమైతే దక్కింది.

"స్కాన్ చేయించినప్పుడే వచ్చి ఉంటే గుండె ఇంతగా దెబ్బతినేది కాదు," అన్నాడు డాక్టర్.

ఇక గనిలోకి దిగే రాత లేదు. దానికన్నా, ఆనాడు తానన్న మాటే అతన్ని ఎక్కువగా కాల్చింది. లేచి నడవగలిగిన రోజే భార్య అనసూర్యను వెంటబెట్టుకుని వెళ్లాడు, ఆయన కాళ్లు పట్టుకుందామని.

బెంచీ ఖాళీగా ఉంది. లోపలికి వెళ్లి ముసలాయన గురించి అడిగారు.

"సదయ్య తాతనా?" కౌంటర్లోని తిరుమల ముఖం చిన్నబోయింది. "మీరు లొల్లి చేసిన్నాటి సంది రాలే. ఇల్లు ఖాళీ చేసి ఎటో పోయిండట. రెండేండ్లు దినాం గిక్కడ్నే కూసుండి, రిపోర్టులు చదవరానోళ్లకు చదివి చెప్పిండు. ఎందర్నో గుండె డాక్టర్ కాడికి తోలుకపోయిండు."

"పైసలు గిట్ల తీసుకునేటోడా?" అడిగాడు వీరేందర్.

"ఎవలిచ్చినా చాయ్ గూడ తాగకపోయేటోడు."

"మరి ఆయనకెందుకమ్మా గంత తిప్పలు?" అంది అనసూర్య.

తిరుమల బయటి బెంచీ వైపు చూసింది.

"ఆయనకొక్కడే కొడుకుండె అక్కా, గని పనే. లివర్ల కొవ్వున్నదని రిపోర్టొచ్చిన ఆర్నెల్లకే గుండె ఆగి పోయిండు. అన్‌ఫిట్ చేసి నౌకరి తీస్తరేమోనని, ఆ రిపోర్టు డాక్టర్లకు చూపియ్యనియ్యకుంట బీరువల దాచింది ఈ తాతనే."