పనసపొట్టు కప్పం

1998 ఏప్రిల్ 12, ఆదివారం. మధ్యాహ్నం ఆవపెట్టిన పనసపొట్టు కూర. రాత్రికీ అదే వడ్డించుకుని చరిత్ర లెక్చరరు మన్మథరావు ముద్ద కలుపుతుండగా, గేటుకు అడ్డంగా ట్రాక్టరు రాళ్లు దింపింది.

"మాస్టారూ! మీ పనస వేర్లకి నా గోడ బీటలిచ్చీసింది. రేపు పొద్దున్నకల్లా సెట్టు కొట్టించీండి. నేదంటే నానే నరికేత్తాను. అందాకా ఈ రాళ్లు కదలవు!" పక్కింటి పరదేశి గొడ్డలిని తన అరుగుకి ఆనించి మరీ అరిచాడు.

మన్మథరావు ముద్దని కంచంలో పెట్టేశాడు. అది పోయిన భార్య నాటిన చెట్టు.

"కోటను ముట్టడించేశాడే!" అనుకుంటూ వంటమనిషి అప్పాయమ్మను పిలిచాడు. "కూర మిగిలిందా?"

"గిన్నెడుంది బాబూ."

"పట్టుకెళ్లి ఇచ్చిరా. గొడవలొద్దు, స్నేహంగా ఉందామన్నానని చెప్పు. భయపడకు, రాయబారి జోలికి మంగోలులైనా వెళ్లరు."

"ఆళ్లెవుళ్లో గానీ, ఈడి పెళ్లికి పప్పొండింది నానే. నన్నేటంటాడు?" అంటూ ఆవిడ రాళ్లెక్కి అటు దిగింది.

ఆవిడ అటు వెళ్లిందో లేదో మన్మథరావుకి రేపటి పాఠం గుర్తొచ్చి, అయ్యో అనుకున్నాడు. క్రూసేడు యుద్ధానికి బయల్దేరిన ఫ్రాన్సు రాజు స్నేహం కోరి మంగోలులకి ఎర్రటి గుడారం కానుక పంపాడు. వాళ్ల రాణి దాన్ని కప్పం కింద జమకట్టి, ఏటేటా పంపుతూ ఉండమని కబురు పెట్టింది.

అప్పాయమ్మ ఖాళీ గిన్నెతో తిరిగొచ్చింది.

"ఏమన్నాడు?"

"అరుగు మీద నిలబడే ఊడ్సేసినాడు బాబూ. ఏటేటా ఈ రోజులకి గిన్నెడు పంపాలంట. మరిసిపోతే ఊరుకోడంట."

మన్మథరావు చెవులు ఎర్రబడ్డాయి. "చూశావా, కప్పం! స్నేహంగా పంపితే లొంగిపోయామనుకున్నాడు. పరువూ పోయింది, తెల్లారితే చెట్టూ పోతుంది."

"ఇన్ని సదూకున్నారు, ఏటి బాబూ మీరు! సెట్టు నరికేత్తే ఏటేటా కూర ఎక్కడి నుంచొత్తాది?"

మన్మథరావు గబుక్కున కిటికీ దగ్గరకు వెళ్లాడు. పక్కింట్లో పరదేశి అరుగు దగ్గరి గొడ్డలిని తీసి లోపల పెట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.