పొరుగుదేశం బడి

"కప్పు కావాలండీ!" అని పంతులమ్మ లేచి అరవగానే, ప్యూను పరిగెత్తుకెళ్లి టీకప్పు తెచ్చి చేతిలో పెట్టాడు.

"తాగే కప్పు కాదు నాయనా, మా బడికి పైకప్పు!"

విద్యాశాఖ సభ గొల్లుమంది. పంతులమ్మకు ఒళ్లు మండిపోయింది. ఈ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగినా ఆమెకు దక్కింది టీయే.

"కూర్చోండమ్మా," అన్నాడు వేదిక మీది అధికారి. "చదువుకి పొరుగుదేశం పెట్టే ఖర్చుకి మనది రెండింతలు. వాళ్ల బడి చూడండి, మన విలువ తెలుస్తుంది."

తెర మీద ఫొటో పడింది. తరగతి గదిలో వాన. తడిసి ముద్దయిన పిల్లలు. ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో బోర్డు మీద లెక్క రాస్తున్న టీచరు వీపు.

"ఛీ! పసివాళ్లని ఇలా తడుపుతారా? సిగ్గులేని ప్రభుత్వం!" అన్నాడు అధికారి.

పంతులమ్మ ఫొటోని తేరిపార చూసింది. "అలాంటివాళ్లని ఏం చెయ్యాలి సార్?"

"నెల తిరక్కుండా కప్పు వేయించాలి. లేదా కుర్చీ దిగిపోవాలి!"

చప్పట్లు మోగాయి.

పంతులమ్మ వేదికెక్కి టీకప్పు అధికారి ముందు పెట్టింది. సంచిలోంచి గొడుగు తీసి, తెర పక్కన నిలబడి, సభకు వీపు తిప్పి విప్పింది. అదే గొడుగు, చిరిగిన అంచుతో సహా.

చప్పట్లు ఆగిపోయాయి.

"మా బడే సార్. కప్పు వెయ్యమని నేనే పంపిన ఫొటో."

అధికారి, తెర మీద ఫొటో వేసిన గుమాస్తా వైపు ఉరిమి చూశాడు.

గుమాస్తా లేచి చేతులు కట్టుకున్నాడు. "పొరుగుదేశం ఫొటో దొరకలేదండీ. మనకొచ్చిన ఫిర్యాదుల్లో అన్నిటికన్నా ఘోరంగా ఉన్నది ఏరి పెట్టాను."

"నెల అన్నారు, అందరూ విన్నారు," అంది పంతులమ్మ గొడుగు ముడవకుండానే. "ఆ టీ చల్లారేలోగా సంతకం పెట్టండి."